కుందేలు గీసిన కోట

కాజీపేట మీదుగా ఉత్తరాదికి పోయే రైలు కాగజ్‌నగర్ దాటిందంటే తెలుగు నేల చివరికి వచ్చేసినట్టే. మరికాసేపటికి సిర్పూర్ టౌన్. ఆ తర్వాత అడవి, చేలు, మళ్ళీ అడవి. వార్ధా నది వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది. అవతలి ఒడ్డున బల్లార్షా. అక్కడ రైలు ఎక్కువసేపు ఆగుతుంది. నీళ్ళ సీసాలు నింపుకునేవాళ్ళు, అన్నం పొట్లాలు కొనుక్కునేవాళ్ళు ప్లాట్‌ఫారం మీదికి దిగుతారు. కూత వేసి కదిలిన కొద్దిసేపటికే చంద్రపూర్.

ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్ళకు ఇవి టైంటేబుల్లో వరసగా వచ్చే మూడు పేర్లు. ఒక గోండు రాజవంశానికి ఇవే మూడు రాజధానులు, సరిగ్గా ఇదే వరసలో. సిర్పూర్‌లో ఏలుబడి చేసి, వార్ధా దాటి బల్లార్పూర్‌లో (స్టేషను పేరు బల్లార్షా) కోట కట్టుకుని, చివరికి చాందాలో స్థిరపడిన వంశం అది. చంద్రపూర్ అనే పేరు కాగితాల మీదికి ఎక్కింది 1960ల్లో. ఆదిలాబాద్ వైపు పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ అది చాందాయే.

ఆ చాందా ఎలా పుట్టిందో, ఎలా పోయిందో చెప్పే గాథ ఇది. అది పుట్టింది ఒక రాజు భార్య మాట విన్నందుకు. పోయింది మరొక రాజు ఎవరి మాటా విననందుకు.

పదిహేనో శతాబ్దపు మాటగా చెబుతారు. ఖాండక్య బల్లాల్ షా సిర్పూర్‌లో రాజ్యం చేస్తున్నాడు. ఒళ్ళంతా కణుతులు. వైద్యులు చేతులెత్తేశారు. రాజు మనుషుల్లోకి రావడం మానేశాడు. రాణి మాత్రం చేతులెత్తలేదు. ఈ చోటు నీకు అచ్చిరాలేదు, నది దాటి గాలి మారుద్దాం పద అంది. రాజధానిని మార్చడమంటే మాటలా? అయినా రాజు విన్నాడు. వార్ధా ఎడమ ఒడ్డున కొత్త కోట లేచింది. ఆ రాజు పేరే ఆ ఊరికి నిలిచింది. మనం అన్నం పొట్లం కొనుక్కునే బల్లార్షా స్టేషనులో ఆ రోగిష్టి రాజు పేరు ఇంకా పలుకుతోంది.

ఒకరోజు వేటకు వెళ్ళి దాహం వేసి ఝర్పట్ వాగులో దిగాడు. వాగు ఎండిపోయి ఉంది. ఇసుకలో ఒకచోట మాత్రం కాస్త చెమ్మ. చేత్తో తవ్వి, ఊరిన నీళ్ళు తాగి, ముఖం, కాళ్ళుచేతులు కడుక్కుని ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి ఏళ్ళ తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. తెల్లవారి చూస్తే కణుతులు తగ్గుముఖం పట్టాయి. ఆ తేడా మొదట చూసింది రాణే. ఆ నీళ్ళెక్కడివో చూపించమని రాజును వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇసుక, గడ్డి తీయిస్తే అడుగున రాతిలో అయిదు ఆవుగిట్టల గుర్తులు, వాటి నిండా నీళ్ళు, ఎంత తోడినా తరగని నీళ్ళు. అచలేశ్వరుడు అక్కడ వెలిశాడని నమ్మి గుడి కట్టడం మొదలుపెట్టారు.

ఆ పని చూడడానికి రాజు గుర్రం మీద వచ్చిపోతూ ఉండేవాడు. ఒకనాడు పొదలోంచి నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు బయటికి దూకింది. రాజుగారి వేటకుక్క దాన్ని తరమాలి కదా. అక్కడ కుందేలే కుక్కను తరిమింది. రాజు ఆశ్చర్యపోయి వెంటపడ్డాడు. కుందేలు పెద్ద చుట్టు తిరిగింది, వంకరటింకరగా తిరిగింది, చివరికి మొదలైన చోటికి దగ్గరగా వచ్చేసరికి కుక్క ఎదురుతిరిగి దాన్ని చంపేసింది. ఇంటికి వచ్చి ఈ వింత రాణికి చెబితే ఆమె అంది: ఇది శుభశకునం. ఆ కుందేలు పరుగెత్తిన దారి పొడవునా గోడ కట్టించు, లోపల నగరం కట్టించు. కుందేలు చచ్చిన చోట మాత్రం ఎప్పుడూ ప్రమాదం పొంచి ఉంటుంది, అక్కడ కాపలా గట్టిగా పెట్టు.

రాజు ఈసారీ విన్నాడు. గుర్రపు డెక్కల జాడ పట్టుకుని పునాదులు తీశారు.

ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అని విడదీయడం నా పని కాదు. ఒక ఊరు తన పుట్టుకను ఎలా తలుచుకుంటుందో అందులో దాని నీతి ఉంటుంది. శత్రువు తలలు నరికి పునాదిలో వేశామని చెప్పుకున్న ఊళ్ళున్నాయి. చాందా అలా చెప్పుకోలేదు. బలహీనుడు బలవంతుడి మీదికి తిరగబడిన దారిలో మా గోడ లేచిందని, ఒక ఆడమనిషి మాట మా పునాది అని చెప్పుకుంది.

గోడ ఒక్క రాజు కాలంలో పూర్తి కాలేదు. కొడుకులు, మనవలు, వాళ్ళ తర్వాతివాళ్ళు కట్టుకుంటూ పోయారు. ఇరై, ఝర్పట్ నదులు కలిసే చోట ఊరిని చుట్టి రాతి ప్రాకారం లేచింది. ఉత్తరాన జట్‌పురా దర్వాజ, దక్షిణాన పఠాన్‌పురా, పడమట బింబా, తూర్పున అచలేశ్వర్. ఈ నాలుగూ కాక ఖిడికీలనే అయిదు చిన్న ద్వారాలు: చోర్, విఠోబా, హనుమాన్, మసాన్, బగడ్. దర్వాజల మీద ఏనుగును అణచిన సింహం చెక్కి ఉంటుంది. అది గోండు రాజుల ముద్ర. మసాన్ ఖిడికీ పేరు వింటేనే తెలుస్తుంది, ఊరిలోంచి శవం ఏ దారిన వెళ్ళేదో. బతికున్నవాళ్ళు వచ్చేందుకూ పోయినవాళ్ళు వెళ్ళేందుకూ వేరువేరుగా దారి ఆలోచించి కట్టిన ఊరు అది.

గోడ లోపల ఊరు పెరుగుతుంటే గోడ బయట రాజ్యం పండింది. హీర్ షా అనే రాజు ఒక చాటింపు వేయించాడు. అడవి కొట్టి సాగు చేసినవాడికి ఆ నేల సొంతం. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు నీళ్ళు పారినంత మేరా మాన్యం. ఈ ఒక్క మాటతో చాందా రాజ్యం నిండా చెరువులు వెలిశాయి. కాకతీయుల చెరువుల కింద బతికిన మనకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. చెరువు తవ్విన చేతికి హక్కు ఇస్తే చెరువు నిలుస్తుంది. ఆ తర్వాత మూడువందల ఏళ్ళకు పైగా గడిచాక, 1869లో ఈ జిల్లా భూములకు శిస్తు నిర్ణయించిన ఆంగ్ల అధికారి లూసీ స్మిత్ కూడా గోండు రాజులు వదిలిపోయిన నేల సుఖంగా, సుభిక్షంగా ఉండేదని, అంతటి మంచి రోజులు ఆ తర్వాత రాలేదని రాసుకున్నాడు. గెలిచినవాళ్ళ తాలూకు మనిషి ఓడినవాళ్ళ గురించి ఇలా రాయడం అరుదు.

అక్బరు కాలానికి చాందా పేరు మొగలు దర్బారు దాకా వెళ్ళింది. అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో చాందా ప్రభువు బాబాజీ బల్లాల్ షాకు వెయ్యి గుర్రాలు, 40,000 కాల్బలం ఉన్నాయని లెక్క రాశాడు. రాజ్యంలోని వైరాగఢ్‌లో వజ్రాల గని ఉండేది. వజ్రం ఉన్న ఇంటి మీద ఎప్పుడూ ఎవరి కన్నో ఉంటుంది. 1667లో ఔరంగజేబు సేనాని దిలేర్ ఖాన్ వచ్చి పెద్ద మొత్తంలో కప్పం గుంజుకుపోయాడు. అయినా రాజ్యం వంగిందే గానీ విరగలేదు.

ఆ ఊళ్ళో తెలుగువాళ్ళూ ఉండేవాళ్ళు. కోట గోడకు ఆగ్నేయంగా లాల్‌పేట దగ్గర ఆరుబయట నేల మీద పెద్దపెద్ద విగ్రహాలు పడి ఉన్నాయి. పది తలల దుర్గ విగ్రహం ఒక్కటే దాదాపు 25 అడుగులు. ఇన్నిన్ని దేవతామూర్తులను ఏకశిలల్లో చెక్కించినవాడు రాయప్ప అనే కోమటి అని స్థానికులు చెబుతారు. పేరు, కులం రెండూ మనవే. మహా దేవాలయం కట్టాలని మొక్కుకుని, ముందు విగ్రహాలు చేయించి, గుడి కట్టక మునుపే కన్నుమూశాడట. ‘అపూర్ణ దేవాలయం’ అంటారు ఆ చోటును. కప్పు లేక, గోడ లేక, ఎండకు కాగుతూ వానకు తడుస్తూ దేవతలు అలాగే ఉండిపోయారు. చాందా తన కథ ముగింపును ముందే ఒకసారి రాతిలో చెక్కి చూసుకుందా అనిపిస్తుంది వాటిని చూస్తే.

పదిహేడో శతాబ్దం చివర బీర్ షా రాజయ్యాడు. శూరుడు, కోపిష్టి. కూతురిని దేవ్‌గఢ్ రాజకుమారుడికి ఇస్తే అతను ఆమెను అవమానించాడు. అల్లుడి తలను మహాకాళికి సమర్పిస్తానని మొక్కి యుద్ధానికి వెళ్ళి, అన్నంత పనీ చేశాడని గాథ. అంతటివాడూ తన పెళ్ళి సందడిలోనే చచ్చిపోయాడు. హీరామన్ అనే రాజపుత్ర అంగరక్షకుడి దగ్గర మహిమగల కత్తి ఉందని ప్రతీతి. దాన్ని చూపించమని రాజు ఎప్పుడూ విసిగించేవాడట. రెండో పెళ్ళి నాడు మళ్ళీ అడిగాడు. హీరామన్ కత్తి దూసి రాజును నరికాడు.

సింహాసనం మీద కూర్చునే కొడుకు లేడు. చుట్టూ మొగలులు, పెరుగుతున్న మరాఠాలు. అప్పుడు నిలబడింది రాణి హీరాయి. చందన్‌ఖేడా శాఖ నుంచి రామ్ షా అనే పిల్లవాడిని దత్తు తెచ్చుకుని, అతను చేతికి అందివచ్చేదాకా ఏళ్ళ తరబడి రాజ్యాన్ని తానే నడిపింది. మహాకాళి గుడిని కట్టించింది. అచలేశ్వరుడి గుడిని బాగుచేయించింది. ఆ గుడి పక్కనే భర్తకు సమాధి కట్టించింది. మగవాడు భార్యకు కట్టిన సమాధిని లోకమంతా వెళ్ళి చూస్తుంది. భార్య మగడికి కట్టిన ఈ సమాధి పేరు వార్ధాకు ఇవతల ఉన్న మనలో ఎందరికి తెలుసు? చైత్రంలో మహాకాళి జాతరకు మరఠ్వాడా నుంచి, మన వైపు నుంచి జనం తరలివెళతారు. ఆ గుడి గడపకు తల ఆనించే ప్రతి మనిషీ తెలియకుండానే హీరాయికి దండం పెడుతున్నాడు.

ఆమె పెంచిన రామ్ షా సాధువు లాంటి రాజు. నాగపూర్ మరాఠా సేనాని రఘూజీ భోంస్లే ఏదో వంక పెట్టుకుని చాందాను మింగుదామని వచ్చి, రామ్ షాను కళ్ళారా చూసి, ఈ మనిషి దేవుడు, ఈయన మీద కత్తి ఎత్తలేనని వెనక్కి మళ్ళాడని చెబుతారు. ఆ రాజు పేరుతోనే ఇప్పటికీ ఊరి మధ్య రామాలా చెరువుంది. గోడలు కాపాడలేని ఊరిని ఒక మనిషి నడవడి కాపాడిన రోజు అది. అలాంటి రోజులు రాజ్యాలకు ఎన్నో రావు.

రామ్ షా 1735లో పోయాడు. కొడుకు నీలకంఠ షా గద్దెనెక్కాడు.

ఇక్కడి నుంచి గాథ చెప్పేవాళ్ళ గొంతు తగ్గిపోతుంది. నీలకంఠ షా తండ్రికి కుడిభుజంగా ఉన్న దివాను మహాదాజీ వైద్యను చంపించాడు. మంచిచెడులు చెప్పే నోరు దర్బారులో అదే. ఆ నోరు మూయించాక మిగిలినవాళ్ళు తమంత తామే నోళ్ళు మూసుకున్నారు. ప్రజల మీద జులుం పెరిగింది. పక్క రాజ్యం దేవ్‌గఢ్ తగాదాల్లో తలదూర్చి రఘూజీకి కావలసిన వంక చేతికిచ్చాడు. తండ్రిని చూసి వెనక్కి మళ్ళినవాడే కొడుకు మీదికి సేనతో బయల్దేరాడు.

1749. రఘూజీ సేన చాందా చేరింది. తరాలు కట్టిన గోడ చెక్కుచెదరకుండా ఉంది. బురుజులున్నాయి, దర్వాజలున్నాయి, సింహం ఏనుగు మీద అలాగే కాలు మోపి ఉంది. పోరాటం మాత్రం జరగలేదు. లంచాలు లోపలికి వెళ్ళాయి, ద్రోహం బయటికి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆ రాజు కోసం చావాలని లోపల ఎవరికీ అనిపించలేదు. కుందేలు చచ్చిన చోట కాపలా పెట్టమంది రాణి. ఆమె మాటకు అర్థం ఆ గోడలో ఒక మూల కాదేమో. బలహీనుడి ధైర్యం ఎక్కడ చస్తుందో అక్కడే ఊరికి ప్రమాదం అని చెప్పి ఉంటుంది.

ఆదాయంలో మూడింట రెండు వంతులు భోంస్లేలకు ఇచ్చేలా సంధి కుదిరింది. మిగిలిన ఒక వంతు మీద రాజు రాజరికం ఎక్కువకాలం నిలవలేదు. 1751లో రఘూజీ రాజ్యం మొత్తం కలిపేసుకున్నాడు. నీలకంఠ షాను బల్లార్పూర్ కోటలో బంధించారు. అక్కడే, చెరలోనే, ఆఖరి గోండు రాజు ప్రాణం పోయింది.

బల్లార్పూర్. భార్య మాట విని ఖాండక్య బల్లాల్ షా కట్టుకున్న కోట. ఆ రాజు రోగంతో వచ్చి, ఆశతో బయటికి నడిచిన చోటు. అదే చోటికి వంశం చివరివాడు సంకెళ్ళతో తిరిగి వచ్చాడు.

ఆ తర్వాత చాందా చేతులు మారుతూనే పోయింది. భోంస్లేల కాలంలో పిండారీ దండ్లు పల్లెల మీద పడ్డాయి. 1818 మేలో, మరాఠా యుద్ధం చివరి రోజుల్లో, కల్నల్ ఆడమ్స్ ఇంగ్లీషు ఫిరంగులతో గోడ ముందు నిలిచాడు. కోట అధికారి, కిల్లేదారు గంగాసింగ్ లొంగనన్నాడు. గోడకు గండి పడింది, మే 20న కోట ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. వీధుల్లో శవాలు పరుచుకున్నాయి, కిల్లేదారూ వాటిలో ఒకడు. గోండు రాజు కోసం కదలని గోడ చివరికి పరాయి దొర కొలువులోని ఒక నమ్మకస్తుడి కోసం నెత్తురు చూసింది. 1853లో నాగపూర్ రాజు వారసుడు లేకుండా పోతే మరుసటి ఏడాది అంతా కంపెనీ పాలైంది.

ఇంకొక్కసారి ఆ నేల లేచింది. 1858లో మోలంపల్లి గోండు జమీందారు బాబూరావ్ షెడ్మాకే అడవి మనుషులను కూడగట్టి తిరగబడ్డాడు. కొన్ని నెలలు అధికారులకు నిద్ర లేకుండా చేశాడు. చివరికి అతన్నీ శత్రువు బలం కంటే అయినవాళ్ళ ద్రోహమే పట్టిచ్చింది. 1858 అక్టోబర్ 21న చాందా జైలులో రావిచెట్టు కింద ఉరి తీశారు. నిండా 26 ఏళ్ళు కూడా లేవు. ఆ జైలు ఉన్నది ఎక్కడో కాదు, గోండు రాజులు ఏలిన కోటలోనే. తాతలు దర్బారు చేసిన ప్రాంగణంలో మనవడికి ఉరికంబం ఎత్తారు.

ఇంత దూరం వచ్చాక ఎక్కడిదో ఒక ఊరు గుర్తుకొస్తుంది. ఫిన్లాండ్‌లో పోర్వో అని మధ్యయుగాల నాటి చిన్న పట్టణం ఉంది. చాందా గోండుల చేయి జారిన తొమ్మిదేళ్ళకు, 1760లో, అది చాలా భాగం కాలి బూడిదైంది. ఊరి జనం పాత వీధుల వంకలు కూడా మార్చకుండా అదే జాడలో మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు వెళ్ళినా ఆ మధ్యయుగపు సందుల్లోనే నడవాలి. రెంటినీ పక్కపక్కన పెడితే గుండె కలుక్కుమంటుంది. అక్కడ ఇళ్ళు పోయినా ఊరు ఊరివాళ్ళదే అయింది. ఇక్కడ రాళ్ళు మిగిలాయి, ఊరు కట్టినవాళ్ళు అడవుల్లోకి, కొండల్లోకి వెళ్ళిపోయారు.

ఇవాళ చంద్రపూర్ అంటే బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, మే నెల వడగాడ్పులు, తాడోబా పులులు. గనుల్లోనూ బల్లార్పూర్ కాగితం మిల్లులోనూ పని వెతుక్కుంటూ వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. గోడ బురుజుల మీద మర్రి, రావి మొలిచి వేళ్ళు రాళ్ళను విడదీశాయి. 2017లో ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ యువకులు కత్తులు, పారలు పట్టుకుని పొద్దున్నే గోడెక్కి ఆ చెట్లను, చెత్తను తొలగించడం మొదలుపెట్టారు. నెలల తరబడి చేశారు. ఎవరి గోడని వాళ్ళు అడగలేదు. మన ఊరి గోడ అనుకున్నారు. 1749లో లోపలివాళ్ళు అనుకోలేకపోయిన మాట అది.

ఇక ఆ గోడ కట్టినవాళ్ళ జాతి? వార్ధాకు ఇవతల సిర్పూర్, ఆసిఫాబాద్, ఉట్నూరు అడవుల్లో ఉంది. నిజాం పోలీసులు వెతుకుతుంటే కొమురం భీం బల్లార్షా, చాందాల వైపే వెళ్ళి తలదాచుకున్నాడని ఆదిలాబాద్‌లో చెబుతారు. తెలిసి వెళ్ళాడో తెలియక వెళ్ళాడో గానీ పూర్వీకుల గడపకే వెళ్ళాడు. రాజ్‌గోండుల గాథలను వాళ్ళ గాయకులైన ప్రధాన్లు కీక్రీ అనే తంతివాద్యం మీద కమాను లాగి పాడతారు. రాజులకు కోటలు పోయాయి, కథలు చెప్పేవాళ్ళకు కీక్రీ మిగిలింది. వినేవాళ్ళు ఉన్నన్నాళ్ళు అదీ మిగులుతుంది.

తిరుగు ప్రయాణంలో రైలు అవే మూడు ఊళ్ళను తలకిందులుగా చూపిస్తుంది. ముందు చంద్రపూర్. తర్వాత బల్లార్షా, ఎక్కువసేపు ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ నాకు నీలకంఠ షా గుర్తొస్తాడు. ఇక్కడి కోట కిటికీలోంచి వార్ధా కనిపించి ఉంటుంది అతనికి. అవతలి ఒడ్డున సిర్పూర్ దారి. ఆ నది ఒకప్పుడు ఒక రోగిష్టి రాజును భార్య చేయి పట్టుకుని దాటించింది. వెనక్కి దాటించే చేయి అతనికి లేదు. మహాదాజీని చంపిన రోజునే దాన్ని తానే నరుక్కున్నాడు. రైలు కూత వేసి వంతెన ఎక్కుతుంది. మనం సిర్పూర్ చేరతాం. అతను బల్లార్షాలోనే ఉండిపోతాడు.